దండం పెట్టిన యుద్ధనౌక

ఆ రోజుల్లో నాకు ఒక పని మొదలుపెట్టడానికీ ముగించడానికీ మధ్య పెద్ద తేడా కనిపించేది కాదు. ఆ రోజులంటే లాంతరు వెలుగులో చదువుకున్న కాలమేమీ కాదు. ఇంట్లో ఇంటర్నెట్టు ఉంది, నా బుగ్గల మీద గడ్డం ఉంది, కోయంబత్తూరులో ఇంజనీరింగు చదివిన పట్టా కూడా ఉంది. అన్నూరు రోడ్డులో మా నాయన నడిపే పంపుసెట్ల వర్క్‌షాపులో చేరి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, లేతు పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడమే ఉద్యోగమని నమ్ముతున్న వయసు. (పనివాళ్ళు నన్ను 'చిన్న ముదలాళి' అనేవారు. అంటే చిన్న యజమాని అని. గౌరవంతోనే అంటున్నారనుకునేవాణ్ణి. ఆ మాట అన్న ప్రతిసారీ వాళ్ళలో ఒకరికి ఎందుకు దగ్గు వచ్చేదో ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.) సాయంత్రం వర్క్‌షాపు మూయగానే నేను మేడ మీది గదిలోకి పోయి తలుపు వేసుకునేవాణ్ణి. ఆ గదిలో నేను యుద్ధనౌకలు కట్టేవాణ్ణి.

నిజం నౌకలు కావు లెండి, ప్లాస్టిక్ నమూనాలు. అసలు ఓడను కుదించి కుదించి రెండు చేతులతో పట్టుకునేంత చేస్తే ఎలా ఉంటుందో అలా ఉండేవి. డబ్బాలో విడిభాగాలు వస్తాయి, మనం కూర్చుని అంటించి రంగు వేయాలి. మా ఊరికీ సముద్రానికీ ఏ సంబంధమూ లేదు. మా వాళ్ళు ఏ తరంలోనో తెలుగు సీమ నుంచి ఎద్దుబండ్ల మీద వచ్చి ఈ నల్లరేగడిలో పత్తి వేసుకుని, తరువాత మోటార్లు చేసుకుని బతికినవారే గాని, ఓడ ఎక్కినవాడు ఒక్కడు లేడు. బావిలో అడుగు తేలిన ఊళ్ళో కూర్చుని నేను సముద్రం మీద పెత్తనం చేసేవాణ్ణి. మా ఇంట్లో మాట్లాడే తెలుగులో సగం అరవమే కాబట్టి ఓడను 'కప్పల్' అనేవారు. మా అవ్వ వచ్చినవాళ్ళందరితోనూ "మా వాడు పైన కప్పలు సేస్తా ఉండాడు" అని చెప్పేది. (నెల్లూరు నుంచి వచ్చిన చుట్టాలు ఒకసారి ఈ మాట విని, మేడ మీద కప్పలు ఎందుకు, నీళ్ళెక్కడివి అని మా అమ్మను చాటుగా అడిగారు.)

ఈ పిచ్చి ప్లాస్టిక్‌తో ఆగి ఉంటే బాగుపడేవాణ్ణి. కాని అందులో కొంచెం చెయ్యి తిరిగినవాళ్ళంతా 'ఎచ్ పార్ట్స్' అని ఒకటి వాడతారని ఇంటర్నెట్టులో చదివాను. పల్చటి ఇత్తడి రేకు మీద ఫోటో పద్ధతిలో బొమ్మ దింపి, అక్కర్లేని చోటల్లా మందుతో కరిగించేస్తే, మిగిలిన సన్నటి జాలీలో ఓడకు కావలసిన నాజూకు సామానంతా ఉంటుంది. డెక్కు చుట్టూ ఉండే కటకటాలు, నిచ్చెనలు, రాడార్లు, చిన్న పడవలను వేలాడదీసే కొక్కేలు, అన్నీను. ఒక్కొక్క ముక్కనూ బ్లేడుతో కోసి, పట్టకారుతో పట్టుకుని, అంచు మీద పెట్టి వంచి, సూదిమొన మీదంత జిగురుతో అంటించాలి. తుమ్మకూడదు. ఫ్యాను వేయకూడదు. ముక్క పట్టకారులో కొంచెం పక్కకు జరిగిందంటే 'టిక్' అని ఒక చప్పుడు వినిపిస్తుంది, అంతే, ఆ ముక్క ఈ లోకంలో ఉండదు. నేను గచ్చు మీద బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, టార్చి అడ్డంగా వేసి వెతికేవాణ్ణి. అమ్మ కాఫీ తెచ్చినప్పుడు నా కాళ్ళు మాత్రమే మంచం కింద నుంచి కనిపించేవి. ఆమె గ్లాసు నా పాదాల దగ్గర పెట్టి వెళ్ళిపోయేది.

ఒకసారి ఫిరంగి గూడు ఒకటి నా చూపుడువేలికి అతుక్కుపోయింది. సరిగ్గా అప్పుడే నాయన కింద నుంచి పిలిచారు, పొల్లాచ్చి నుంచి ఒక పెద్ద రైతు మోటారు కొనడానికి వచ్చాడని. వేలు వెనక్కి దాచుకుని దిగాను. ఆయన మోటారు ఎన్ని అడుగుల లోతు నుంచి నీళ్ళు లాగుతుందని అడిగితే, నేను మాటల వేగంలో ఆ వేలితోనే పైపును చూపించాను. మూడు ఫిరంగులు ఆయన ముక్కు వైపు తిరిగాయి. ఆయన మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. మోటారు కూడా కొనలేదు.

నాయనకు అసలు కోపం నేను ఓడలు కడుతున్నానని కాదు, ఒక్కటీ కట్టి ముగించలేదని. గది నిండా నా నౌకాదళమే. ఒకదానికి పొగగొట్టం లేదు, ఒకదానికి అడుగు లేదు, ఇంకొకటి రంగు దాకా వచ్చి ఆగింది. ప్రతి ఓడా ఎక్కడ కష్టం మొదలయిందో అక్కడ లంగరు వేసుకుంది. ఇంతలో వర్క్‌షాపుకు ఆర్డర్లు పెరిగాయి, మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగు పనికి చోటు చాలడం లేదు. దుమ్ము రాని గది కావాలి. మా ఇంట్లో దుమ్ము రాని గది ఒక్కటే, నాది. (నా ఓడల మీద దుమ్ము పడకూడదని సందులన్నీ గుడ్డపేలికలతో మూసి పెట్టింది నేనే. నా గొయ్యి నేనే తవ్వుకోవడమంటే ఇదే.)

"ఆ రూము వైండింగుకు కావల్ల" అన్నారు నాయన ఒక మధ్యాహ్నం, అన్నంలో రసం కలుపుకుంటూ.

"నా కప్పల్స్ అంతా అక్కడ ఉండాయే నాయనా."

"ఏమి కప్పల్? ఒకటన్నా ముగిసినది ఉండాదా? ముగిసిన సామాను అంటే కొంచం చోటు ఇయ్యచ్చు. ముగియనిదంతా నా లెక్కలో స్క్రాపు."

అవ్వ పక్కన కూర్చుని తమలపాకు నలుపుతోంది. "పావం రా, బిడ్డ ఏదో సుమ్మా ఆడుకుంటా ఉండాడు" అంది. ఆ మాట నాకు మరీ తగిలింది. ఇరవై దాటి మీసం మొలిచిన ఇంజనీరును పట్టుకుని ఆడుకుంటున్నాడట! పౌరుషం వచ్చి, "ఈ ఆయుధ పూజకు ఒకటి ముగించి చూపిస్తా. ముగించలేదంటే రూము మీరే తీసుకోండి" అన్నాను. నాయన రసం తాగి, చెయ్యి కడుక్కుని వచ్చి, "సరి. నేవీ మామ పూజకు వస్తాడు. ఆయన చూసి ముగిసినదంటే ముగిసినదే. రూము జన్మానికీ నీదే" అన్నారు. నేవీ మామ అంటే మా అమ్మకు పెదనాన్న కొడుకు, నౌకాదళంలో పనిచేసి రిటైరై బోడినాయకనూరులో ఏలకుల వ్యాపారం పెట్టుకున్న మనిషి. మా వంశానికంతా సముద్రం తెలిసినవాడు ఆయనొక్కడే. (ఆయన సర్వీసులో ఎక్కువ భాగం ఒడ్డు మీద స్టోర్సులో దుప్పట్లు లెక్కపెట్టడంలోనే గడిచిందని తరువాత తెలిసింది. అయినా మాకు ఆయన మాటే చట్టం.)

అప్పటి నుంచి నేను నిజంగానే పని చేశాను. మూరకు పైగా పొడవున్న ఒక పాత కాలపు యుద్ధనౌకను ఎంచుకుని, దాన్ని అడుగు నుంచి కొన దాకా కట్టుకుంటూ వచ్చాను. జీవితంలో మొదటిసారి ఒక ఓడకు పొగగొట్టాలు నిలబడ్డాయి, ఫిరంగులు తిరిగాయి, బూడిద రంగు మచ్చలు లేకుండా ఆరింది. పూజ దగ్గరపడేసరికి మిగిలింది ఇత్తడి పని మాత్రమే. కష్టమైనది కాబట్టి దాన్ని ఆఖరుకు తోసిపెట్టాను, పరీక్షలో కూడా నా పద్ధతి అదే. రేకును విదేశం నుంచి తెప్పించి, రోజూ తీసి చూసుకుని, భయపడి మళ్ళీ కవరులో పెట్టేసేవాణ్ణి. చివరికి పూజకు ముందురోజు ఉదయం ధైర్యం చేశాను. ఇత్తడికి రంగు నిలవాలంటే ముందు దాన్ని వెనిగర్‌లో నానబెట్టాలని చదివాను. వంటింట్లో ఆ వాసన అమ్మ రానివ్వదు. అందుకని ఎవర్‌సిల్వర్, అంటే స్టీలు, పళ్ళెంలో వెనిగర్ పోసి, అందులో రేకు పరిచి, పెరట్లో నీళ్ళతొట్టి పక్కన, మంచి నీడలో, జాగ్రత్తగా పెట్టాను. రంగు డబ్బా ఒకటి తక్కువైతే కొనడానికి గాంధీపురం బయలుదేరాను.

పూజకు ముందురోజు మా వైపు ఇళ్ళల్లో పెరటి నీళ్ళతొట్టి పక్కన ఏం జరుగుతుందో ఈ భూమి మీద నాకొక్కడికే తెలియదేమో! కుత్తువిళక్కులనే దీపపు కుందులు, గంట, హారతి పళ్ళెం, చెంబులు, తాతల నాటి గంగాళం, ఇంట్లో ఉన్న ఇత్తడంతా అక్కడికి చేరుతుంది. చింతపండు పిసికి ఒక్కొక్క దానికీ పట్టించి, కొబ్బరి పీచుతో తోమి, బంగారంలాగా మెరిసేదాకా వదలరు. చిన్నప్పటి నుంచి ప్రతి ఏడూ చూస్తున్నదే. ఆ గంగాళం వెనక దాగుడుమూతలు కూడా ఆడాను. అయినా ఆ రోజు నా బుర్రకు తట్టలేదు, ఎందుకంటే అది రాడార్లతో నిండి ఉంది.

గాంధీపురంలో పూజ రద్దీ. అరటిపిలకలు, బూడిద గుమ్మడికాయలు, పొరి అనే మరమరాల బస్తాలు, వాటి మధ్య బస్సులు, బస్సుల మధ్య ఆటోలు. రంగు డబ్బాను గుండెకు హత్తుకుని ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నేరుగా పెరట్లోకి పోయాను. అవ్వ పీట మీద కూర్చుని, చీర చెంగు నడుముకు దోపుకుని, తోమిన సామానంతా ఎండలో వరసగా బోర్లించింది. దీపపు కుందులు ధగధగలాడుతున్నాయి. నా పళ్ళెం కూడా కడిగి బోర్లించి ఉంది.

"అవ్వా, ఇందులో ఒక రేకు ఉండె కదా?" అన్నాను.

"ఉండె, ఉండె. నీ ఇత్తడి రేకు కూడా తోమేస్తిని కన్నూ. ఏమి కరుపురా అది! ఎవురో నీళ్ళల్లో ఊరేసి అట్లే ఇడిసిపెట్టి పోయినారు. పుండైపోయి ఉండె పావం. ఇప్పుడు సూడు, ఎట్ల మెరుస్తా ఉండాదో" అని పక్కనున్న చెంబులోంచి ఒక చిన్న ఉండ తీసి నా అరచేతిలో పెట్టింది.

నిజమే, మెరుస్తోంది. నిమ్మకాయ పిందెంత బంగారు ఉండ. దానిలో అక్కడక్కడ ఒక నిచ్చెన మెట్టు, ఒక రాడారు చెవి, కటకటాల చివర ఒకటి బయటికి తొంగి చూస్తున్నాయి. "కొంచం ముక్కలు ఊడి కాలవలో పోయె. రేకు మట్టమురా కన్నూ, నాసిరకం. కొనేటప్పుడు గట్టిది వాంగి ఉండకూడదా?" అంది అవ్వ, నా మేలు కోరి.

నేను పెరటి మెట్ల మీద కూలబడ్డాను. ఏడవలేదని చెప్పుకోవాలని ఉంది గాని, ఏడ్చాను. మీసాల మీదుగా కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చేతిలో ఆ ఉండ అడ్డం. అవ్వ గాబరాపడి, చింతపండు చేతులతోనే నా తల నిమిరి, "ఏమాయెరా? ఎవురన్నా పిల్ల ఒద్దనిందా? సెప్పు, నేను పోయి మాట్లాడతా" అంది. లేదన్నాను. "ఉద్యోగం పోయెనా?" అంది. నాయన దగ్గర ఉద్యోగం ఎక్కడికి పోతుంది! కడుపునొప్పా, జ్వరమా, దిష్టా అని ఒక్కొక్కటే అడుగుతూ వచ్చి, ఆఖరుకు నా చేతిలో ఉండను చూసి ఆగిపోయింది. ఓడ చుట్టూ ఉండాల్సిన కంచె అది, అది లేకుండా ఓడ ముగియదు, ముగియకపోతే గది పోతుంది అని వెక్కిళ్ళ మధ్య చెప్పాను. అవ్వ చింతపండు చేతులు చెంగుకు తుడుచుకుంది. ఆమె ముఖం చిన్నబోయింది, ఆ ముఖం చూసి నాకు ఇంకా ఏడుపొచ్చింది. "నాకు తెలియలేదే కన్నూ" అంది మెల్లగా. ఆ రాత్రి ఆమె చెయ్యి నోటికి పోలేదని అమ్మ చెప్పింది.

మరునాడు పొద్దున నేను ఆలస్యంగా కిందికి దిగేసరికి వర్క్‌షాపు గేటుకు అరటిపిలకలు కట్టేశారు. లేతులు, డ్రిల్లింగు మిషన్లు, సుత్తులు, స్పానర్లు అన్నీ కడిగి, చందనం పూసి, కుంకుమ బొట్లు పెట్టి వరసగా ఉంచారు. ఆ వరస కొసన, పీట మీద, అరిటాకు వేసి, నా ఓడ! అవ్వ పొద్దున్నే పైకి పోయి దాన్ని రెండు చేతులా ఎత్తుకుని దింపుకొచ్చిందట. పొగగొట్టాలకు చందనం, ప్రతి ఫిరంగి గూటికీ కుంకుమ బొట్టు, ముక్కు కింద నిమ్మకాయ. కటకటాలు ఉండాల్సిన అంచు పొడవునా, ఓడ చుట్టూ, సన్నగా కట్టిన మల్లెమాల. సందులేకుండా, ఒక్క వంకర లేకుండా చుట్టింది.

"కంచె లేదంటివే. అందుకే పూలు సుట్టినా" అంది నా చెవిలో.

బూడిద రంగు ఆరిన డెక్కు మీద చందనం చూసి నా ప్రాణం ఉసూరుమంది. అయినా ఆమెను ఏమనగలను? బాగుందవ్వా అన్నాను. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. ప్రపంచంలో ఏ నావికుడూ అంత వాసనగల ఓడలో యుద్ధానికి పోయి ఉండడు.

నేవీ మామ ఏలకుల సంచీతో సహా దిగాడు. నాయన ఆయన చేతిలో కాఫీ పెట్టి, నన్ను పిలిచి, పనివాళ్ళందరి ముందూ విషయం చెప్పారు. మామ కళ్ళజోడు సవరించుకుని, వంగి, ఓడ చుట్టూ తిరిగాడు. ముందు నుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు, మల్లెమాలను చిటికెన వేలితో కొంచెం పైకెత్తి చూశాడు. "రైలింగు ఏడరా?" అన్నాడు. (ఎంతయినా నేవీ. దుప్పట్లు లెక్కపెట్టినా నేవీ నేవీయే.) జరిగింది చెప్పలేక నేల చూశాను, అవ్వ తన కాళ్ళు చూసుకుంది. "కప్పల్ నల్లా ఉండాది బావా, బాగుండాది. కాని రైలింగు లేదంటే మనిషి నీళ్ళల్లో పడతాడు. ముగియలే" అని తీర్పు చెప్పేశాడు మామ. నాయన నా వైపు చూసి, గట్టిగా కాకపోయినా, "సరి, రేపు విజయదశమి. వైండింగు బెంచి పైకి ఎక్కించేస్తాం" అన్నారు. అంతే. గది పోయింది. ఎవరో గంట కొట్టడం మొదలుపెట్టారు.

కుంకుమ పెట్టిన వస్తువును పూజ కాకుండా వరస నుంచి తీయడం మా వైపు జరగని పని. అందుకని నా ఓడ స్క్రాపు అయ్యి కూడా అక్కడే ఉంది. నాయన కర్పూరం వెలిగించుకుని పెద్ద లేతు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క యంత్రానికీ హారతి ఇస్తూ వచ్చారు. ఓడ దగ్గరికి వచ్చి ఆగారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఇస్తారా, దాటిపోతారా? ఆయన ఒకసారి నా ముఖం చూశారు, ఎర్రగా ఉబ్బిన నా కళ్ళు చూశారు. ఏం అనిపించిందో, పెద్ద లేతుకు కూడా అంతసేపు ఇవ్వని మనిషి, వంగి, పళ్ళెం బాగా దగ్గరికి తెచ్చి, కళ్ళు మూసుకుని, నిదానంగా, ముందు వైపు మళ్ళీ మళ్ళీ తిప్పారు. జాలి అంటే అది. నాకు అరవాలని ఉంది, కాని హారతి మధ్యలో ఎలా అరుస్తాం? ప్లాస్టిక్‌కు కర్పూరం వేడి ఎంతసేపు పడుతుంది! చూస్తుండగానే ముందున్న ఫిరంగి గొట్టాలు మూడూ మెత్తబడి, ఒక్క వరసలో, మర్యాదగా, మెల్లగా కిందికి వంగాయి.

"పారుంగ ముదలాళీ, కప్పల్ కుంబిడుదు!" అని లేతు నడిపే పెద్దాయన కేకపెట్టాడు. ఓడ దండం పెడుతోందట! అందరూ నోళ్ళు తెరిచి, వెంటనే చేతులు జోడించారు. అవ్వ చెంపలు వేసుకుంది. మామ కాఫీ గ్లాసు కింద పెట్టి, ఎందుకైనా మంచిదని, నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. దండం పెట్టనిది నేనూ నాయనా ఇద్దరమే. నాయన కళ్ళు తెరిచి, వంగిన ఫిరంగులను, తన చేతిలోని మంటను, మళ్ళీ ఫిరంగులను చూశారు. ఏం జరిగిందో అంతమందిలో ఆయనకే అర్థమైంది, ఇనుమూ వేడీ తెలిసిన మనిషి. పళ్ళెం అమ్మకు ఇచ్చేశారు. గుమ్మడికాయ పగలగొట్టేటప్పుడు ఆయన చెయ్యి గురి తప్పి అది గేటు అవతల పడింది. పొరి, శనగలు పంచుతుంటే ఆయన తీసుకోలేదు.

ఆ సాయంత్రం నేను నా ఓడలను డబ్బాల్లో సర్దుతుంటే కింద హాల్లో మాటలు వినిపించాయి.

"వైండింగు బెంచి ఇక్కడే వేసేస్తాం" అన్నారు నాయన.

"హాల్లోనా? వచ్చినోళ్ళు యాడ కూర్చునేది?" అంది అమ్మ.

"నిలబడనీ."

"రూము తీసుకుంటామంటిరే?"

"వాడి సామాను నేనే ఒంచేస్తిని. ఇంకా రూము కూడా లాక్కోమంటావా?" అన్నారు. ఆ గొంతులో అంత మెత్తదనం నేనెప్పుడూ వినలేదు. నేను డబ్బాలోంచి ఓడలను మళ్ళీ బయటికి తీశాను.

మరునాడు విజయదశమి. పూజలో పెట్టిన పనిముట్లను మళ్ళీ చేతికి తీసుకునే రోజు. నాయన మొదటిసారి మేడ మీది నా గదికి వచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గుడిలోకి వచ్చినట్టు వచ్చి, నా స్టూలు మీద కూర్చుని, "ఎట్ల సరి సేసేది దీన్ని? ఏదన్నా ఒకటి ఇయ్యి, నేను అంటిస్తా" అన్నారు. ఫిరంగులు సరి కావని చెప్పలేక, ఆ ఇత్తడి ఉండలోంచి బతికి బయటపడ్డ ఒక నిచ్చెనను తీసి, సరిచేసి, పట్టకారుతో ఆయన చేతికిచ్చాను. అన్నేసి అశ్వశక్తుల మోటార్లు బిగించిన చేతులవి. ఊపిరి బిగపట్టి, నాలుక కొంచెం బయటపెట్టి, ఓడ మీదికి వంగారు. 'టిక్' అంది.

"యాడ పోయె?" అన్నారు నాయన, పట్టకారు వైపు చూస్తూ. తరువాత చెప్పేదేముంది? పంచె ఎగ్గట్టుకుని ఆయన ఒక మూల, టార్చి పట్టుకుని నేను ఒక మూల. చెంప నేలకు ఆనించి చూడాలని చెప్పాను. ఆనించారు. అమ్మ కాఫీ తెచ్చి, మంచం కింద రెండు జతల కాళ్ళు చూసి, రెండు గ్లాసులూ పెట్టి పోయింది. మంచం కింద పడుకునే నాయన తన కథ చెప్పారు. చిన్నప్పుడు రేకుతో విమానం చేశారట, రెక్క అంటించే లోపల తాత వచ్చి పొలానికి తోలారట. ఆ విమానం ఏమైందని అడిగాను. "స్క్రాపు" అన్నారు. భోజనం వేళ దాకా వెతికినా నిచ్చెన దొరకలేదు. "వచ్చే ఆదివారం చూస్తాం" అన్నారు లేస్తూ.

వచ్చే ఆదివారం వచ్చారు. ఆ తరువాతి ఆదివారమూ వచ్చారు. ముందు వెతకడం, తరువాత ఊరికే కూర్చోవడం, నేను అంటిస్తుంటే దీపం సరిగ్గా పట్టుకోవడం, మధ్యమధ్య "అట్ల కాదు, ఇట్ల పట్టు" అని తప్పు సలహాలు ఇవ్వడం. వర్క్‌షాపులో నాతో రోజుకు నాలుగు మాటలు మాట్లాడని మనిషి అక్కడ నోరు మూసేవారు కాదు. నాకు ఆ ఆదివారాలంటే ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. అలా కొంతకాలం జరిగాక ఒకరోజు అమ్మ బట్టలు నానబెడుతూ నన్ను పిలిచింది. "ఇది నీదా? మీ నాయన సొక్కా జేబులో ఉండె. బస్సు టికెట్టులో మడిసి, భద్రంగా పెట్టుకోనుండారు" అని విప్పి చూపించింది. నిచ్చెన. ఒక్క మెట్టు కూడా వంగలేదు. మొదటి రోజే దొరికిందో, రెండో వారం దొరికిందో తెలియదు.

నేను దాన్ని చాలాసేపు చూసి, మళ్ళీ మడిచి అమ్మకిచ్చాను. "సొక్కా ఆరినంక ఆ జేబులోనే పెట్టేయమ్మా" అన్నాను. అమ్మ నన్ను, టికెట్టును ఒకసారి చూసి, సరి అంది. ఆ ఆదివారం నాయన వచ్చి, పంచె ఎగ్గట్టి, "ఈ పొద్దు ఆ బీరువా కింద చూస్తాం. యాడ పోయిందో ఆ సనియను ముక్క" అన్నారు. "చూస్తాం నాయనా" అని నేనూ పక్కన పాకాను.

ఇప్పుడు వర్క్‌షాపు నేనే చూసుకుంటున్నాను, 'చిన్న' అనే మాట పోయి ఒట్టి ముదలాళినే అయ్యాను, దగ్గు మాత్రం ఇంకా వినిపిస్తుంది. కళ్ళజోడు లేకుండా ఇత్తడి ముక్క కాదు, పట్టకారే కనిపించదు. ముగిసిన ఓడ ఈనాటికీ ఒక్కటి లేదు. నాయన మోకాళ్ళు వంగవు కాబట్టి ఆయన ఆదివారాలు కుర్చీలో కూర్చుని టార్చి పట్టుకుంటారు, నేల మీద పాకడం నా వంతు. నలభై దాటిన మనిషిని, పొట్ట అడ్డం పడుతుంటే బీరువా కిందికి దూరి, "లేదు నాయనా, ఇక్కడ కూడా లేదు" అంటాను. "పరవాలే, నిదానంగా చూడు" అంటారు ఆయన పైనుంచి, చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని.